ఆరనివ్వని డిస్కు

పెద్ద నీళ్ళొచ్చిన పదేళ్ళకు మళ్ళీ నీళ్ళొచ్చాయి. నది ఒడ్డున ఉన్న గాదుమోలో దాన్ని రెండో నీళ్ళ ఏడు అంటారు. ఇది ఆ ఏడు జరిగింది.

పన్నెండో రోజుకి నది వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది. యాబగి తన ఇంటి కిటికీ ఊచకే పడవ కట్టేసి లోపలికి దిగాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. అవి ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే గీత గోడ మీద పడి ఉంది, ఆయన భుజమంత ఎత్తున. కూతురు హవావు వెనకే దిగింది. యాబగి మామూలుగానే మాట్లాడడు. నలభై ఏళ్ళుగా పడవ ఇంజన్లు బాగుచేస్తున్నాడు, ఇంజను చప్పుడు వినాలంటే నోరు అడ్డం అంటాడు. హవావు అలా కాదు, గలగలా మాట్లాడే మనిషి. ఆ రోజు ఆమె కూడా మాట్లాడలేదు.

ముందు గది ఆమె పనిగది. బల్ల తేలిపోయి తలుపుకి అడ్డంగా పడుంది. కంప్యూటర్ తెర బురదలో బోర్లా పడింది. గాదుమోలో ఎవరు పోయినా ఇంట్లో ఉన్న ఒక్క పాత ఫోటో పట్టుకుని హవావు దగ్గరికే వస్తారు. ఆమె దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, మరకలు తుడిచి, చిరుగులు కలిపి, పెద్దది చేసి, కింద పేరు వేసి పోస్టరు చేసి ఇస్తుంది. తొమ్మిదేళ్ళ పని. ఇప్పుడు ఎవరింట్లోనూ కాగితం ఫోటో మిగల్లేదు. ఉన్నవన్నీ ఈ కంప్యూటర్లో ఉన్నాయి, కంప్యూటర్ నీళ్ళలో ఉంది. ఇంకో కాపీ పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంది, దాన్ని అదే బల్ల సొరుగులో దాచుకుంది. ఆ సొరుగు ఎటు పోయిందో నదికే తెలియాలి.

యాబగి వంగి నీళ్ళలో తడిమాడు. కంప్యూటర్ డబ్బా చేతికి తగిలింది. పైకి లేపలేదు.

"బొమ్మలు దీన్లో ఎక్కడుంటాయి?" అని అడిగాడు.

"హార్డ్ డిస్క్‌లో. అరచేతి పొడుగున ఇనప పెట్టె ఒకటుంటుంది, ముందువైపు కింద." హవావు అటు చూడకుండానే చెప్పింది. "ఇంకెందుకు బాబా."

పైన రోడ్డు మీదికి వెళ్ళి నీళ్ళ ప్యాకెట్లు ఒక బస్తా తెమ్మన్నాడు. దాహమేమో అనుకుని ఆమె వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆయన నీళ్ళ కిందే, కంటికి కనపడకపోయినా వేళ్ళతోనే వెతికి, మరలన్నీ ఊడదీశాడు. మూత ఉన్న తెల్ల రంగుబకెట్ ఒకటి కడిగి బల్ల కాళ్ళ మధ్య నిలబెట్టాడు. ప్యాకెట్లు ఒక్కొక్కటే పంటితో కొరికి బకెట్లో పోశాడు. అది నిండాక చెయ్యి ముంచి, డిస్కును బురదనీళ్ళలోంచి తీసి, ఒక్క ఊపిరిలో మంచినీళ్ళలోకి దించాడు. నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. డిస్కును నీళ్ళ అడుగునే నొక్కిపట్టి పైనీళ్ళు వొంచేసి మళ్ళీ పోశాడు. అలా నాలుగుసార్లు. తర్వాత మూత పెట్టాడు.

"అది ఎండాలి బాబా," అంది హవావు.

"ఎండకూడదు."

"తడిస్తే ఏదైనా ఎండబెడతారు కదా."

"గాలి తగలకూడదు," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

ఆయనకు హార్డ్ డిస్క్ గురించి ఏమీ తెలియదు. అది ఇనుమని తెలుసు, లోపల తిరిగేది ఒకటుందని కూతురి మాటల్లో ఎప్పుడో విన్నాడు. తిరిగే ఇనుము గురించి మాత్రం తెలుసు. పడవ ఇంజను నదిలో పడిపోతే తెలివితక్కువవాడు గబగబా బయటికి లాగి, ఎండలో పెట్టి, సాయంత్రం దాకా కూర్చుని కాపలా కాస్తాడు. మర్నాడు యాబగి దగ్గరికి తెచ్చేసరికి లోపల ఎర్రగా తుప్పు, బురద ఇటుకలా గట్టిపడి ఉంటుంది. తెలిసినవాడు ఇంజనును నీళ్ళ పీపాలోనే ఉంచి మనిషిని పంపుతాడు. నీళ్ళలో ఉన్నంతసేపు ఇనుముకి ఏమీ కాదు. బయటికి తీశాక తగిలే గాలే దాన్ని తినేస్తుంది. విప్పడానికి చేతులూ నూనే సిద్ధమయ్యాకే బయటికి తియ్యాలి. ఆయనకు తెలిసిందంతా ఇదే.

అప్పటికి గాదుమో వాళ్ళంతా గుట్ట పక్కన బడిలో ఉంటున్నారు. ఒక్కో తరగతి గదిలో నాలుగేసి కుటుంబాలు. యాబగి చాప పక్కన బకెట్ పెట్టుకున్నాడు. రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు అవగానే నీళ్ళు మార్చేవాడు. బకెట్ సంగతి ఒక్క పూటలో బడంతా పాకింది.

బియ్యంలో పెట్టమన్నారు. బియ్యం ఎక్కడిది, గరీలో పెట్టమన్నారు. కర్రపెండలం పొడి కదా, ఎంత తడైనా లాగేస్తుందని కోలో భార్య తన గరీ పళ్ళెమే తెచ్చి ముందు పెట్టింది. కోలోకి రెండు పడవలుండేవి, రెండూ ఈ నీళ్ళకే కొట్టుకుపోయాయి. అతను వచ్చినప్పుడల్లా బకెట్ మీద వేలితో కొట్టేవాడు.

"యాబగి బాబా చేపను పెంచుతున్నాడర్రా. గుడ్లు పెడితే చెప్పు బాబా, నాక్కూడా ఒక జత కావాలి."

యాబగి నవ్వలేదు, కోప్పడలేదు. మూత సరిచేశాడు.

జుమ్మయ్ అవ్వ మాత్రం నవ్వేది కాదు. అరవై దాటిన మనిషి, పక్క వీధి. నాలుగేళ్ళ కిందట ఆమె చిన్నకూతురు లాదిదీ పంతొమ్మిదేళ్ళకే జ్వరమొచ్చి పోయింది. ఆ పిల్లకి ఉన్నది ఒకే ఒక్క ఫోటో, పరీక్ష ఫారానికి తీయించుకున్నది. దాన్నే హవావు పెద్దది చేసి ఇచ్చింది. అవ్వ గోడకు పెట్టుకుంది. నీళ్ళు తగ్గాక వెళ్ళి చట్రం వెతికి తెచ్చుకుంది. గాజు పగల్లేదు. లోపల కాగితం తెల్లగా ఉంది.

అవ్వ రోజూ పొద్దున్నే కునూ జావ గిన్నె పట్టుకుని వచ్చి బకెట్ పక్కన కూర్చునేది.

"నా పిల్ల ఇందులోనే ఉందా?" అని హవావును అడిగింది మొదటిరోజు.

ఉండాలి, కానీ బయటికి వస్తుందో లేదో చెప్పలేనంది హవావు. అవ్వ మూత తీసి లోపలికి చూసింది. తర్వాత యాబగి వైపు తిరిగింది.

"ఒకసారి మునిగింది చాలదా యాబగీ? మళ్ళీ నువ్వెందుకు ముంచావు?"

"ఉండనీ అక్కా," అన్నాడు.

మూడోరోజు ఆమె ఏమీ అడగలేదు. కునూ సగం తాగి, గిన్నె కింద పెట్టి, ఎవరితోనూ కానట్టు చెప్పింది. "ముఖం మరుపొస్తోంది. ముక్కు గుర్తుంది. కళ్ళు తలుచుకుంటే మా చెల్లెలి కళ్ళొస్తున్నాయి."

హవావు లేచి బయటికి పోయింది.

ఆ మధ్యాహ్నం యాబగికి కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి బకెట్ మూత పక్కన ఉంది. హవావు గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ముందు కోలో భార్య గరీ పళ్ళెం. గరీలో అరచేతి పొడుగున గుంట తీసి ఉంది. డిస్కు ఆమె చేతుల్లో ఉంది, నీళ్ళు కారుతోంది.

యాబగి లేచాడు. బకెట్ రెండు చేతులతో ఎత్తుకుని వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. బకెట్ బరువుగా ఉంది. దించలేదు. హవావు గరీ వైపు చూసింది, బకెట్ వైపు చూసింది. చివరికి డిస్కును నీళ్ళలో వదిలింది.

"నువ్వు చెప్పేది తప్పయితే," అంది, "ఈ ఊళ్ళో నేను తలెత్తుకు తిరగలేను బాబా."

ఆయన తల ఊపాడు.

సోమవారం బజారు తెరిచారు. ఒనిమిసి కంప్యూటర్ల కొట్టు ఎత్తు మీద ఉంది, తడవలేదు. హవావు తన కంప్యూటర్ కొన్నది అక్కడే. ఆ రోజు కొట్టు కిటకిటలాడుతోంది, తడిసిన ఫోన్లు పట్టుకుని వచ్చిన జనమే అంతా. యాబగి బకెట్‌ను గాజు బల్ల మీద పెట్టి మూత తీశాడు. ఒనిమిసి తొంగిచూశాడు. పక్కవాళ్ళను కూడా పిలిచి చూపించాడు.

"మేడమ్, పులుసు పెట్టడానికి తెచ్చారా?"

నలుగురూ నవ్వారు. నవ్వు తగ్గాక ఒనిమిసి చెప్పుకొచ్చాడు. హార్డ్ డిస్క్ లోపల అద్దంలాంటి పళ్ళేలు ఉంటాయట. అవి నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతాయి, వాటి మీద వెంట్రుక పట్టేంత సందు కూడా లేకుండా ఒక సూది తేలుతూ ఉంటుంది. నలుసు పడితేనే చచ్చిపోతుంది, ఇక నది మొత్తం పడ్డాక ఏం మిగులుతుందన్నాడు. గాజు బల్ల కిందినుంచి రెండు తీసి యాబగి చేతుల్లో ఒక్కొక్కటి పెట్టాడు. ఒకటి ఇటుకముక్కలా బరువు. రెండోది బిస్కెట్టంత, చేతిలో ఉన్నట్టే లేదు.

"బరువుది మీ పాతరకమే. తేలికది ఎస్ఎస్‌డీ. ఇందులో తిరిగేది లేదు, అరిగేది లేదు. కిందపడ్డా పట్టించుకోదు. మీట నొక్కి వేలు తీసేలోపు తెరుచుకుంటుంది."

హవావుకి ఆ సంగతి తెలుసు. రెండేళ్ళుగా దాని మీదే ఆమె కన్ను. కరెంటు ఉండదు, జనరేటర్ మీద పని. పాత డిస్కుతో కంప్యూటర్ లేచి కూర్చునేసరికే పోసిన పెట్రోలులో కొంత మండిపోయేది. పెద్ద ఫోటో ఒకటి తెరిస్తే, అది వచ్చేలోపు ఆమె ఉల్లిపాయలు తరిగేసుకునేది.

యాబగి బరువుదాన్ని చెవి దగ్గర పెట్టుకుని కొంచెం వంచాడు. లోపల ఏదో ఒదిగి కూర్చున్న బరువు తెలిసింది. తేలికదాన్నీ వంచాడు. ఖాళీ అగ్గిపెట్టెలా ఉంది.

"ఇది చచ్చేముందు చెబుతుందా?" అని అడిగాడు.

ఒనిమిసికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక భుజాలెగరేశాడు. "చెప్పదు. నిన్న ఉంటుంది, ఇవాళ ఉండదు. అదెప్పటి మాటో లెండి."

"ఈ బరువుది?"

"అదా, టిక్కు టిక్కుమంటుంది. మూలుగుతుంది. మా తాతలాగ నాలుగు రోజులు అందర్నీ పిలిచి మరీ పోతుంది."

యాబగి తేలికదాన్ని బల్ల మీద పెట్టేశాడు. బరువుది ఇంకా చేతిలోనే ఉంది.

తడిసింది ఇక్కడే వదిలేసి వెళ్ళండి, పారేస్తామంటూ ఒనిమిసి బకెట్ అంచు పట్టుకున్నాడు. యాబగి చెయ్యి అప్పటికే అంచు మీద ఉంది. ఒనిమిసి నవ్వి వదిలేశాడు. అక్కడితో ఆగితే సరిపోయేది.

"అయినా మేడమ్, ఆ డబ్బా ఒంటిచేత్తో లేస్తుంది," అన్నాడు. "నీళ్ళొస్తున్నాయని రేడియోలో వారం ముందునుంచీ మొత్తుకుంటున్నారు. ఊరంతా వాళ్ళ ముఖాలు తెచ్చి మీ చేతిలో పెట్టింది. ఆ రోజు మీరు ఏం మోసుకెళ్ళినట్టు?"

కొట్టులో వాళ్ళందరూ హవావు వైపు చూశారు. ఫోన్ల కోసం వచ్చినవాళ్ళలో గాదుమో వాళ్ళే సగం మంది.

హవావు తలగుడ్డ సవరించుకుంది. "చేతులు ఖాళీ లేకపోయాయి," అంది.

నిజమే, ఖాళీ లేవు. ఆ తెల్లవారుజామున నీళ్ళు గడప దాటేసరికి యాబగి అన్నది ఒకటే మాట, ముందు ఇంజను అని. ఆయన పైభాగం పట్టుకున్నాడు. హవావు కింద నీళ్ళలో తిరిగే రెక్కల వైపు పట్టుకుంది. నూనెకి చెయ్యి జారిపోతుంటే కొంగు చుట్టి పట్టుకుంది. గుట్ట మీదికి చేర్చి తిరిగొచ్చేసరికి వీధిలో గుండెల దాకా నీళ్ళు. ఆ మాట ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. బడిలోనూ అనలేదు, ఇప్పుడు ఇంతమంది చూస్తున్నా అనలేదు.

యాబగి నోరు తెరిచాడు. బకెట్‌కి మూత నొక్కి పెట్టాడు.

వీళ్ళు కదిలితే చాలనుకున్నాడో ఏమో, ఒనిమిసి రసీదు వెనక ఒక పేరూ నంబరూ రాసిచ్చాడు. రాజధాని అబుజాలో ఒజోమా అని ఒకావిడ ఉంది, డిస్కులు తెరిచి చూస్తుంది, దొరికితేనే డబ్బు తీసుకుంటుంది. దారిఖర్చు దండగ అని కూడా అన్నాడు.

మర్నాడు బస్సెక్కారు. యాబగి బకెట్ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ చుట్టి కూర్చున్నాడు. పక్కసీటామె బతికున్న చేపేనా అంది. కాదన్నాడు. కోటోన్ కర్ఫి ఊరు దాటాక పోలీసులు బస్సు ఆపారు. ఒకడు లోపలికొచ్చి మూత తీయమన్నాడు. నీళ్ళ అడుగున ఇనప పెట్టె ఒకటి, దాని మీద కుదుపులకి దెబ్బ తగలకుండా హవావు చుట్టిన నల్ల గుడ్డ ఉంది.

"ఏమిటిది?"

"మనుషులు," అన్నాడు యాబగి.

పోలీసు ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకొకడిని పిలిచాడు. అతనూ చూశాడు కానీ ముట్టుకోలేదు. హవావు గబగబా అందుకుని కంప్యూటర్, ఫోటోలు, వరద అని వివరంగా చెప్పింది. వాళ్ళు నమ్మారో లేదో గానీ మూత వెయ్యమని మాత్రం ఇద్దరూ ఒకేసారి అన్నారు. అక్కణ్ణుంచి అబుజా దాకా పక్కసీటామె ఒకవైపుకి ఒదిగి కూర్చుంది. హవావు కిటికీ వైపు తిరిగి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని యాబగికి భుజాల కదలికలో తెలిసింది. నీళ్ళొచ్చాక అదే మొదటిసారి.

ఒజోమా గది మూడో అంతస్తులో ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. కళ్ళద్దాలు గొలుసుకి కట్టుకుంది. గదిలో ఒక గాజు పెట్టె ఉంది, దానికి చేతులు దూర్చే రెండు కన్నాలున్నాయి. ఆమె బకెట్‌లోకి చూసి నవ్వలేదు.

"నీళ్ళలోంచి తీశాక మధ్యలో ఎప్పుడైనా ఆరిందా?"

"లేదు," అన్నాడు యాబగి. హవావు తల వంచుకుని, ఒక్క నిమిషం బయటికి తీశాననీ, అప్పుడూ తడిగానే ఉందనీ చెప్పింది.

"నీళ్ళలో ఉంచమని ఎవరు చెప్పారు?"

యాబగి పట్టుబడ్డవాడిలా పాదాల వైపు చూసుకున్నాడు.

"మా బాబానే," అంది హవావు. "ఎంతమంది చెప్పినా వినలేదు. పడవ ఇంజన్లు బాగుచేస్తాడు."

ఒజోమా కళ్ళద్దాలు తీసి గుండెల మీదికి వదిలింది. "బాబా, పోయిన పెద్ద నీళ్ళప్పుడు నా దగ్గరికి నలభై డిస్కులొచ్చాయి. అన్నీ బియ్యంలోంచి వచ్చినవే. ఆరితే బురద పళ్ళెం మీద సిమెంటులా పట్టేస్తుంది. గీకితే బొమ్మలు కూడా దాంతో పాటే పోతాయి. తడిగా తెచ్చినవాడు ఒక్కడూ లేడు. మీరే మొదటివారు." డిస్కును నీళ్ళ అడుగునే తిప్పి చూసింది. "మాటివ్వను. కానీ ఇది పని చేయదగ్గ డిస్కే."

యాబగి అక్కడున్న కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు.

ఆమె ఫారం తీసి పేరూ ఊరూ రాసుకుంది. ఎలా జరిగిందని అడిగింది. నీళ్ళు, నిప్పు, కిందపడటం అని మూడు గడులున్నాయి దానిలో. హవావు చెప్పేలోపే యాబగి మొదలుపెట్టాడు.

"నా వల్ల జరిగింది. నా ఇంజనును ముందు ఎక్కించాను. ఈమె చేతే మోయించాను. దీన్ని వదిలేశాను. బజారులో ఈమెను అన్నారు. అనాల్సింది నన్ను."

ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం హవావు ఎప్పుడూ వినలేదు. ఒజోమా కలం పట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఇంజను లేకపోతే పడవ లేదు బాబా," అంది హవావు చివరికి. "పడవ లేకపోతే కోలో పిల్లలు మునిగిన వాళ్ళింటి కప్పు మీదే ఉండిపోయేవాళ్ళు. అది నాకు తెలుసు." ఆగింది. "కానీ, తర్వాతైనా ఒక్క మాట అనుంటే బాగుండేది."

"అవును," అన్నాడు యాబగి.

ఒజోమా నీళ్ళు అన్న గడిలో గుర్తు పెట్టింది.

నాలుగోరోజు పొద్దున ఫోనొచ్చింది. హవావు బడి మెట్ల మీద అందరి బట్టలూ ఆరేస్తోంది. విన్నది, తడిబట్ట భుజాన వేసుకునే కూర్చుంది, ఫోను తండ్రికి ఇచ్చింది. బాబా, పళ్ళేలు శుభ్రంగా ఉన్నాయి, సూదులు మార్చాల్సి వచ్చింది, నూటికి తొంభై పైనే వచ్చాయి అంటోంది అవతల ఒజోమా. యాబగి సరే అన్నాడు. ఫోను తిరిగిచ్చి, పంపు దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు. అక్కడే చాలాసేపు కడుక్కుంటూ ఉన్నాడు. కోలో వచ్చి భుజం మీద చెయ్యివేసి, చేప గుడ్లు పెట్టిందటగా బాబా అన్నాడు. ఈసారి యాబగి నవ్వాడు.

డబ్బు కట్టి తెచ్చుకోవడానికి మళ్ళీ ఇద్దరూ వెళ్ళారు. బొమ్మలన్నీ ఇప్పుడు దేనిలో పెట్టమంటారని ఒజోమా అడిగింది. ఆమె దగ్గరే ఒక పాత కంప్యూటర్ ఉంది, గట్టిదే, డిస్కు మాత్రం కొత్తది వెయ్యాలి. హవావు తండ్రి వైపు చూసింది. ఆయనకు తేలికది నచ్చలేదని ఆమెకు తెలుసు. అందుకే అడగలేదు.

"నువ్వయితే ఏది పెట్టుకుంటావమ్మా?" అని యాబగే ఒజోమాను అడిగాడు.

ఆమె నిజం చెప్పింది. ఎస్ఎస్‌డీ వేగం, దెబ్బకి ఓర్చుకుంటుంది, రోజూ పని చేసుకునేవాళ్ళకి దాన్ని మించింది లేదు. కానీ అది పోయినరోజు ఆమెకు తెరవడానికి ఏమీ ఉండదు, చాలాసార్లు చేతులెత్తేయడమే. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి వేడిలో మూలన పడేసినా నమ్మడానికి లేదు. తిరిగేది నెమ్మది, కిందపడితే పోతుంది, కానీ చవక, ఎక్కువ పడతాయి, కదిలించకుండా ఒకచోట పెడితే తనలో ఉన్నది పట్టుకుని కూర్చుంటుంది.

యాబగి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. ఒళ్ళంతా నూనె చేసుకుని ఇంజను చప్పుడు విన్నట్టే విన్నాడు.

"మాట్లాడనిది మిషన్లో వెయ్యి," అన్నాడు. "పని చేసేది అమ్మాయి, నేను కాదు. మూలిగేది ఒకటి విడిగా ఇవ్వు. అన్ని బొమ్మలూ అందులో కూడా పెట్టు."

"ఆ రెండోదాన్ని అదే ఇంట్లో ఉంచకండి," అంది ఒజోమా.

ఇంజనుకి కొత్త రెక్క కోసం దాచిన డబ్బు అక్కడ అయిపోయింది. పాత రెక్కనే ఇంకో ఏడాది సానపట్టుకోవచ్చు.

ఆ పై వారం శనివారం సాయంత్రానికి ముందు గదిలో నేల ఆరింది. హవావు బల్లకు కాళ్ళు సరిచేసి కంప్యూటర్ పెట్టింది. జనరేటర్ వేశారు. జుమ్మయ్ అవ్వ చాప తెచ్చుకుంది. పాత మిషను లేవడానికి ఎంతసేపు పట్టేదో ఆమెకు అలవాటే. చాప పరుస్తుండగానే తెర వెలిగి బొమ్మల పెట్టెలు బారులు తీరాయి. అవ్వ సగం పరిచిన చాప చేతిలో పట్టుకునే నిలబడిపోయింది.

హవావు లాదిదీ పేరు కొట్టింది. ఫోటో వచ్చింది. నుదురు, కనుబొమలు, కళ్ళు, ముక్కు, పెదాలు, గడ్డం. మెడ దగ్గర నుంచి కిందంతా బూడిదరంగు, తెర గోనెపట్టాతో కప్పినట్టు. ఆ ముక్క రాలేదు.

హవావు చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. క్షమించమని అడగబోయింది.

అవ్వ తెరకు దగ్గరగా వంగింది. వేలెత్తి, తెరకు తగలకుండా, ఒక కనుబొమ మీదుగా గీసింది, రెండోదాని మీదుగా గీసింది.

"ఇవే కళ్ళు," అంది.

"కింద పోయింది అవ్వా. రవిక కనపడటం లేదు."

"ఆకుపచ్చ పువ్వులది. కుట్టింది నేనే. అది నాకు గుర్తుందిలే."

అవ్వ అప్పుడు చాప పూర్తిగా పరిచి కూర్చుంది. ఇంకెవరైనా వస్తారా అని హవావు అడిగితే, అందరూ వస్తారు, నన్ను ముందు రానిచ్చారు అంది. గుమ్మం అవతల చెప్పుల చప్పుడు అప్పటికే మొదలైంది. కోలో భార్య, వాళ్ళ అత్త, దర్జీ, ఇంకా నలుగురు. బజారులో ఒనిమిసి కొట్టులో నిలబడి చూసిన ఒకాయన కూడా వచ్చాడు. తన తండ్రి ఉన్నాడేమో చూడమన్నాడు. ఉన్నాడు. మొత్తంగా ఉన్నాడు, టోపీతో సహా.

యాబగి బయట జనరేటర్ దగ్గర కూర్చుని దాని చప్పుడు వింటున్నాడు. పెట్రోలు తగ్గినప్పుడల్లా పోశాడు. హవావు లోపల ఆగకుండా మాట్లాడుతోంది, ఈయనకి పళ్ళు తెల్లగా చేయమంటారా, ఈమెకి గాజులు పెట్టమంటారా అని. ఆ గొంతు కూడా ఆయనకు వినపడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే యాబగి రెండో డిస్కును పొడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మోటార్‌సైకిల్ మాట్లాడుకున్నాడు. రేవులో ఇద్దరు ఇంజన్లతో వచ్చి ఎదురుచూస్తున్నారు. తిరిగొచ్చి చూస్తానన్నాడు. కొండవైపు వెళ్ళే ఫెలెలే దారిలో గుంతలు మొదలయ్యేసరికి బండి ఆపించి, పూర్తి డబ్బు ఇచ్చేసి, మిగతా దారి నడిచాడు. ఆయన తోడబుట్టిన అక్క ఇల్లు కొండ పాదాన ఉంది. మొదటి నీళ్ళూ రెండో నీళ్ళూ అక్కడికి రాలేదు. అక్క వాకిలి ఊడుస్తోంది. చీపురు వదిలి, పొద్దున్నే ఏమైందిరా అంది.

"ఇందులో మనవాళ్ళున్నారు అక్కా," అన్నాడు. "ఎత్తున పెట్టు. కదపకు."

ఆమె పెళ్ళినాటి ఇత్తడి గిన్నెలు గోడ పొడుగునా కప్పు దాకా పేర్చి ఉన్నాయి. అక్క బల్ల ఎక్కింది. యాబగి కింద బల్ల కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె అన్నిటికంటే పై గిన్నె దించి, దుమ్ము తుడిచి, పొట్లాన్ని అందులో పెట్టి, మూత వేసి మళ్ళీ పైన నిలిపింది.

ఆయన నీళ్ళు తాగి, రేవుకి నడిచాడు.